సీసా, గ్లాసు, వయొలిన్: క్యూబిస్టు చిత్రరచన నేర్చుకునే దారి

క్యూబిజం పేరు వినగానే చాలామందికి ముక్కలుగా విరిగిన బొమ్మ ఒకటి గుర్తుకు వస్తుంది. చిత్రకళలో కొత్తగా అడుగుపెట్టినవారు క్యూబిస్టు చిత్రం వేయాలనుకున్నప్పుడు ఆ గుర్తునే ఆధారం చేసుకొని, ముందు ఒక సీసానో పూలకుండీనో మామూలుగా గీసి, తర్వాత దాని మీదుగా స్కేలుతో అడ్డంగానూ ఏటవాలుగానూ గీతలు లాగి, ఏర్పడిన గడుల్లో తలా ఒక రంగు నింపుతారు. ఫలితం దూరం నుంచి క్యూబిజంలాగే కనిపించవచ్చు గాని, ఆ గీతలకూ ఆ సీసాకూ ఏ సంబంధమూ లేదు కాబట్టి అది క్యూబిజం కాదు, గీతల కింద చిక్కుకున్న పాత పద్ధతి చిత్రమే. పికాసో, బ్రాక్, గ్రీస్ వంటివారి చిత్రాలలో ప్రతి గీత వెనుకా వస్తువును గురించి తెలుసుకున్న ఒక సంగతి ఉంటుంది. ఇది దాని మూతి, ఇది దాని పక్కభాగం, ఇది దాని అడుగు అని చెప్పడానికే ఆ గీత అక్కడికి వచ్చింది. క్యూబిస్టు నిశ్చల చిత్రాన్ని నేర్చుకోవడమంటే బొమ్మను విరగ్గొట్టడం నేర్చుకోవడం కాదు, వస్తువు చుట్టూ తిరిగి దాన్ని తెలుసుకొని, తెలుసుకున్నదాన్ని బల్లపరుపు కాన్వాసు గుడ్డ మీద మళ్ళీ కట్టడం నేర్చుకోవడం.

నిశ్చల చిత్రమంటే బల్ల మీద అమర్చిన పండ్లు, పాత్రలు, సీసాలు, పుస్తకాల వంటి కదలని వస్తువులను ఎదురుగా పెట్టుకొని వేసే చిత్రం. మన ఆర్ట్ కాలేజీలలో దీన్ని స్టిల్ లైఫ్ అనే పిలుస్తారు. ఐరోపాలో పదిహేనో శతాబ్దం మొదలుకొని దాదాపు అయిదు వందల ఏళ్ళపాటు ఇటువంటి చిత్రాలన్నిటికీ పర్‌స్పెక్టివ్ అనే నియమం ఆధారంగా ఉండేది. చూసేవాడు ఒకే చోట కదలకుండా నిలబడి ఒకే కంటితో చూస్తున్నాడని అనుకొని, దూరమయ్యేకొద్దీ వస్తువులను చిన్నవి చేస్తూ, సమాంతర రేఖలన్నిటినీ ఒక బిందువు వద్ద కలిసేటట్టు గీసే పద్ధతి అది. ఫ్లోరెన్సు నగరంలో రూపుదిద్దుకున్న ఈ పద్ధతిని లియోన్ బత్తీస్తా అల్బెర్తీ 1435లో చిత్రకళపై రాసిన గ్రంథంలో క్రమబద్ధంగా వివరించాడు. ఈ నియమం అద్భుతమైన చిత్రాలను ఇచ్చిందనడంలో సందేహం లేదు. అయితే మనిషి నిజజీవితంలో ఏ వస్తువునూ అలా చూడడు. కళ్ళు కదులుతాయి, తల తిరుగుతుంది, చెయ్యి సాగి వస్తువును పట్టుకుంటుంది, నిన్న చూసిన వైపు ఇవాళ కూడా గుర్తుంటుంది. చీకట్లో చెంబును తడిమినవాడికి దాని మూతి గుండ్రంగా ఉందని తెలుసు, కాని అదే చెంబును పర్‌స్పెక్టివ్ ప్రకారం గీసినవాడు ఆ మూతిని కోడిగుడ్డు ఆకారంలో సాగదీసి గీయవలసి వస్తుంది.

ఈ వైరుధ్యాన్ని బల్ల మీద ఎదుర్కొన్న తొలి చిత్రకారుడు పాల్ సెజాన్. దక్షిణ ఫ్రాన్సులోని ఎక్స్ పట్టణంలో ఆపిల్ పండ్లను, కూజాలను ఏళ్ళ తరబడి చిత్రించిన ఆయన, ఒకే చిత్రంలో పాత్ర మూతిని కాస్త పై నుంచి, దాని పొట్టను ఎదురుగా చూసినట్టు వేశాడు. బల్ల అంచు దాని మీద పరిచిన గుడ్డకు ఒక వైపున ఒక ఎత్తులోనూ రెండో వైపున మరో ఎత్తులోనూ బయటికి వచ్చేటట్టు గీశాడు. 1906లో సెజాన్ మరణించాక, 1907 శరదృతువులో పారిస్‌లోని సలోన్ దోతోన్ ప్రదర్శనలో ఆయన చిత్రాలను పెద్ద సంఖ్యలో ఒక్కచోట ఉంచినప్పుడు వాటిని చూసి కలవరపడిన యువకులలో పాబ్లో పికాసో, జార్జ్ బ్రాక్ ఉన్నారు. మరుసటి ఏడాది వేసవిలో బ్రాక్ మధ్యధరా తీరంలోని లెస్తాక్ గ్రామానికి వెళ్ళి, ఇళ్ళను, చెట్లను గట్టి ముద్దలుగా కుదించి వేసిన చిత్రాలను సలోన్ దోతోన్ న్యాయనిర్ణేతలు తిరస్కరించగా, డానియెల్ హెన్రీ కాన్‌వైలర్ అనే యువ వ్యాపారి వాటిని 1908 నవంబరులో వీన్యోన్ వీధిలోని తన చిన్న గ్యాలరీలో ప్రదర్శించాడు. విమర్శకుడు లూయీ వోసెల్ ఆ ప్రదర్శనపై రాస్తూ బ్రాక్ అన్నిటినీ ఘనాలుగా మార్చేస్తున్నాడని ఎత్తిపొడిచాడు. ఉద్యమానికి పేరు ఆ ఎత్తిపొడుపులోంచే పుట్టింది గాని, ఆ పేరు నేర్చుకునేవారిని తప్పుదారి పట్టిస్తుందని ఇక్కడే చెప్పాలి. క్యూబిస్టు చిత్రాలలో ఘనాలు చాలా తక్కువ. ఉన్నవి తలాలు, అంటే ఒకదాని అంచు మీద ఒకటి వాలినట్టు అమరిన పలుచని చదును ముఖాలు.

లెస్తాక్ ప్రకృతి దృశ్యాల తర్వాత బ్రాక్, ఆయనతో కలిసి పనిచేసిన పికాసో మనుషుల రూపాలను, ఊళ్ళను వేస్తూనే ఉన్నా, పదే పదే బల్ల దగ్గరికే తిరిగి రావడానికి బలమైన కారణం ఉంది. కొండ, చెట్టు దూరంగా ఉంటాయి. వాటిని చూడగలమే గాని చేత్తో పట్టుకోలేము. బల్ల మీద ఉన్న వస్తువు చేతికి అందుతుంది. చూపు కోసం మాత్రమే కాక స్పర్శ కోసం కూడా చిత్రంలో చోటు కల్పించాలని బ్రాక్ కోరుకున్నాడు; వయొలిన్, గిటార్, మాండొలిన్ ఆయన చిత్రాలలో అంతగా కనిపించడానికి కారణం అవి వేలు తగిలితే పలికే వస్తువులు కావడమే. మిగిలినవన్నీ పారిస్ కాఫీ దుకాణాలలో ప్రతి బల్ల మీదా ఉండేవి: సీసా, గ్లాసు, పొగగొట్టం, పేకముక్కలు, మడతపెట్టిన వార్తాపత్రిక. ఆ వస్తువులలో ప్రత్యేకత ఏమీ లేకపోవడమే వారికి ఉపయోగపడింది. చూసేవారికి గ్లాసు ఎలా ఉంటుందో ముందే తెలుసు కాబట్టి, చిత్రకారుడు దాన్ని ఎంత విడదీసినా వారు మళ్ళీ కూర్చుకోగలరు.

న్యూయార్క్‌లోని గుగ్గెన్‌హైమ్ మ్యూజియంలో ఉన్న బ్రాక్ చిత్రం 'వయొలిన్, రంగుల పలక' ఈ పద్ధతి పాఠాలన్నీ ఒక్కచోట దొరికే చిత్రం. 1909లో వేసిన ఈ చిత్రం నిలువుగా, సన్నగా ఉంటుంది. కింది భాగంలో వయొలిన్, దాని పైన స్వరాలు రాసిన కాగితాలు, అన్నిటికన్నా పైన గోడకు మేకుతో వేలాడదీసిన రంగుల పలక ఉంటాయి. వయొలిన్ మెడ ఒక కోణంలోనూ ఒళ్ళు మరో కోణంలోనూ కనిపిస్తాయి. దాని తీగెలు మధ్యలో తెగి కాస్త పక్కకు జరిగి మళ్ళీ మొదలవుతాయి. వయొలిన్ అంచు ఉన్నట్టుండి తెరుచుకొని, దాని గోధుమరంగు వెనుకనున్న బూడిదరంగులోకి జారిపోతుంది. ఫలితంగా ఏది ముందుందో ఏది వెనుకనుందో కచ్చితంగా చెప్పడం సాధ్యం కాదు. ఇంత విచ్ఛేదం నడుమ పైనున్న మేకు ఒక్కటి మాత్రం పూర్తిగా పాత పద్ధతిలో, తన నీడతో సహా, పట్టుకుంటే చేతికి వస్తుందేమో అన్నంత సహజంగా ఉంటుంది. పాత పద్ధతి చేతకాక కొత్త దారి తొక్కలేదని, రెండూ చిత్రించే ఒప్పందాలేనని బ్రాక్ ఆ ఒక్క మేకుతో చెప్పాడని కళాచరిత్రకారులు చాలామంది భావించారు. ఆ మేకు నేర్చుకునేవారికి మరో సంగతి కూడా చెబుతుంది: సహజంగా గీయడం వచ్చినవారికే వస్తువును విడదీయడంలో స్వేచ్ఛ దొరుకుతుంది.

పై చిత్రంలో అంచు తెరుచుకొని ఒక తలం పక్క తలంలోకి కలిసిపోవడాన్ని ఫ్రెంచి చిత్రకారులు పసాజ్ అన్నారు. సెజాన్ నుంచి వచ్చిన ఈ ఉపాయమే క్యూబిస్టు చిత్రానికి ప్రాణం. ఒక తలానికి నాలుగు అంచులున్నాయనుకుంటే వాటిలో రెండింటినో మూడింటినో మాత్రమే గీతతోనో ముదురు రంగుతోనో గట్టిగా మూసి, మిగిలిన అంచును తెరిచి ఉంచి, అక్కడి రంగును పక్క తలపు రంగుతో సమానమయ్యేదాకా క్రమంగా పలచబరుస్తారు. అప్పుడు చూపు ఒక ముఖం మీద నుంచి ఇంకో ముఖం మీదికి, వస్తువు నుంచి దాని వెనుకనున్న గోడలోకి ఆగకుండా ప్రవహిస్తుంది. స్కేలు గీతల చిత్రాలు ఎందుకు నిర్జీవంగా ఉంటాయో ఇక్కడ తెలుస్తుంది. వాటిలో ప్రతి గడీ నాలుగు వైపులా మూసుకొని ఉంటుంది.

క్యూబిజంలో 1910 నుంచి 1912 వరకు సాగిన దశను విశ్లేషణాత్మక క్యూబిజం అంటారు. వస్తువును దాని ముఖాలుగా విడదీసి పరిశీలించే దశ అది. ఆ రోజులలో పికాసో, బ్రాక్ రంగును దాదాపు పూర్తిగా వదులుకొని గోధుమ, బూడిద, కావి ఛాయలతోనే పనిచేశారు. పసుపు నిమ్మకాయ, ఎర్రటి గుడ్డ చిత్రంలోకి వస్తే చూపు తలాల అమరికను వదిలి వాటి వెంట పోతుందన్నది వారికి తెలుసు. 1911 వేసవిలో స్పెయిన్ సరిహద్దుకు దగ్గరలోని సెరే పట్టణంలో ఇద్దరూ కలిసి వేసిన చిత్రాలు ఎంత దగ్గరగా ఉంటాయంటే, సంతకం వెనుకవైపు చేయడం వారి అలవాటు కావడం వల్ల ఏది ఎవరిదో పోల్చుకోవడం తేలిక కాదు. వస్తువు దాదాపు కనిపించకుండా పోయే అంచు దాకా వచ్చాక వారు అక్కడే ఆగారు. క్యూబిజం నుంచి ప్రేరణ పొందిన మాండ్రియన్ వంటివారు ఆ అంచు దాటి వస్తువును పూర్తిగా విడిచిపెట్టారు గాని, పికాసో, బ్రాక్ విడిచిపెట్టలేదు. బ్రాక్ అచ్చు అక్షరాలను, ఆ తర్వాత కర్ర నారను అనుకరించే రంగుపూతను, ఆపైన నిజమైన కాగితాలను తెచ్చి చిత్రంలో పెట్టాడు. క్యూబిస్టు చిత్రాన్ని అమూర్త చిత్రంగా భావించడం సరైనది కాదు. వస్తువు మీద ఇంత పట్టుదల చూపిన చిత్రరీతి మరొకటి లేదనడమే న్యాయం.

ఇక్కడే నేర్చుకునేవారికి ఒక సలహా అవసరమవుతుంది. పికాసో, బ్రాక్‌ల 1911 నాటి చిత్రాలు ఎంత గొప్పవైనా మొదటి పాఠానికి అవి తగవు, ఎందుకంటే వాటిలో ఏ గీత ఎక్కడి నుంచి వచ్చిందో విడదీసి చూడడం అనుభవజ్ఞులకే కష్టం. గురువుగా ఎంచుకోవలసినవాడు హువాన్ గ్రీస్. 1887లో మాడ్రిడ్‌లో పుట్టి, అక్కడ సాంకేతిక విద్య కొంతకాలం చదివి, 1906లో పారిస్ చేరి, పికాసో ఉండే బాతో లవ్వార్ అనే పాత చెక్క భవనంలోనే కాపురం పెట్టిన గ్రీస్, కొన్నేళ్ళపాటు హాస్యపత్రికలకు బొమ్మలు వేసి బతికి, 1911 ప్రాంతం నుంచి పూర్తిగా చిత్రకళకు అంకితమయ్యాడు. ఆయన చిత్రాలలో కట్టడం స్పష్టంగా కనిపిస్తుంది. సెజాన్ సీసా నుంచి స్తంభాకారాన్ని తీస్తే, తాను స్తంభాకారం నుంచి సీసాను తయారుచేస్తానని గ్రీస్ తన పద్ధతిని వివరించుకున్నాడు. ముందు గుడ్డను నిలువు, ఏటవాలు పట్టీలుగా విభజించి ఆ అమరిక తనంత తానుగా నిలబడేదాకా సరిచేసి, ఆ తర్వాత ఒక పట్టీకి సీసా మెడనూ మరో పట్టీకి పత్రిక శీర్షికనూ తగిలించి వాటిని వస్తువులుగా మారుస్తాడు. ఫిలడెల్ఫియా మ్యూజియంలో ఉన్న ఆయన 1915 నాటి 'తెరిచిన కిటికీ ముందు నిశ్చల చిత్రం, రవిన్యాన్ కూడలి' చూస్తే, బల్ల మీది పండ్ల పాత్ర, సీసా, పత్రిక వేర్వేరు రంగుల ఏటవాలు పలకల గుండా సాగుతూ, ఒక పలకలో నలుపూ తెలుపూగా, ఇంకొక పలకలో నిండు రంగులలో కనిపిస్తాయి. వెనుక కిటికీలోంచి నీలపు వెలుగులో చెట్లు, ఇళ్ళు కనిపిస్తాయి. ఈ చిత్రంలోని ఒక్కొక్క పలకను కాగితం మీద విడివిడిగా గీసుకొని చూడగలగడమే మొదటి అభ్యాసం.

స్వయంగా చిత్రం మొదలుపెట్టేటప్పుడు వస్తువుల ఎంపిక సగం పని. ఎక్కువ వస్తువులు అవసరం లేదు, మూడు చాలు. ఒకటి గుండ్రని పాత్ర కావాలి, రెండవది పుస్తకం, పత్రిక వంటి చదునైనది, మూడవది తీగెలో రంధ్రమో పిడియో ఉండి ఒక్క గుర్తుతోనే పోల్చుకోగలిగింది. పారిస్ కాఫీ దుకాణపు సీసాలు, పొగగొట్టాలు తెలుగు ఇంటిలో వెతకనక్కరలేదు. ఇత్తడి చెంబు, మరచెంబు, కళ్ళద్దాలు, వయొలిన్ ఉన్న ఇంట్లో వయొలిన్, అది లేకపోతే తంబుర బుర్ర, ఇవన్నీ పై రూపానికీ పక్క రూపానికీ స్పష్టమైన తేడా ఉన్న వస్తువులే. ఏ వైపు నుంచి చూసినా ఒకేలా ఉండే బంతి, నారింజ వంటివి తొలి ప్రయత్నానికి పనికిరావు, ఎందుకంటే చుట్టూ తిరిగి తెలుసుకోవడానికి వాటిలో కొత్త సంగతి ఉండదు.

వస్తువులను అమర్చాక రంగుల జోలికి వెళ్ళకుండా బొగ్గుకడ్డీతోనో మెత్తని పెన్సిలుతోనో ఒక్కొక్క దాన్ని కనీసం నాలుగు స్థానాల నుంచి గీయాలి: సూటిగా ఎదురుగా, నిలువునా పై నుంచి, పక్క నుంచి, ఏటవాలుగా. గీసేవన్నీ ఒకే కొలతలో ఉండాలి, నీడలు వేయకూడదు. ఈ దశలో అందరూ చేసే పొరపాటు మూతిని అలవాటు కొద్దీ అండాకారంగా గీయడం. పై నుంచి చూసినప్పుడు మూతి పూర్తి వృత్తం, సూటిగా పక్క నుంచి చూసినప్పుడు ఒక గీత. క్యూబిస్టు చిత్రకారుడికి ఈ రెండూ కావాలి, రెండింటికీ రాజీగా వచ్చిన అండాకారం అంతగా అక్కరలేదు. అలాగే నిలువుగా కోస్తే పాత్ర లోపలి గోడ ఎలా ఉంటుందో ఊహించి గీసిన కోత చిత్రం కూడా చేతిలో ఉంచుకోవాలి. కనిపించేది మాత్రమే కాక తెలిసినది కూడా చిత్రంలోకి రావడమంటే ఇదే.

తర్వాత ఆ రేఖాచిత్రాలను ట్రేసింగ్ కాగితం మీదికి ఎత్తి ఒకదానిపై ఒకటి పరిచి అటూ ఇటూ జరుపుతూ చూడాలి. చెంబు పక్కరూపం మీద దాని మూతి వృత్తాన్ని కాస్త పైకి జరిపి ఉంచితే, రెండు చూపులు ఒకే వస్తువులో ఇముడుతాయి. ఇలా జరుపుతున్నప్పుడు వేర్వేరు వస్తువుల అంచులు అనుకోకుండా కలుస్తుంటాయి. పుస్తకం అంచు గీత సాగి చెంబు పొట్టకు తగులుతుంది, కళ్ళద్దాల వంపు చెంబు మెడ వంపుతో సరిపోతుంది. గ్రీస్ చిత్రాల అందమంతా ఇటువంటి ప్రాసల్లో ఉంది. ఒకే గీత రెండు వస్తువులకూ అంచుగా పనిచేయగలిగిన చోటు దొరికితే దాన్ని వదులుకోకూడదు. అక్కడ ఆ రెండు వస్తువులూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి బల్ల మొత్తం ఒకే కట్టడంగా మారుతుంది. ఈ పనికి రెండు మూడు రోజులు పట్టినా తొందరపడనక్కరలేదు. చిత్రం నిలబడేదీ పడిపోయేదీ ఈ ట్రేసింగ్ కాగితాల మీదే.

కూర్పు కుదిరాక దాన్ని కాన్వాసు మీదికి, లేదా దళసరి కాగితం మీదికి ఎక్కించాలి. తొలి ప్రయత్నానికి 40 సెంటీమీటర్ల వెడల్పు, 50 సెంటీమీటర్ల ఎత్తు సరిపోతుంది. చిక్కు సాధారణంగా మూలల దగ్గర వస్తుంది. వస్తువులన్నీ మధ్యలో గుమిగూడి, నాలుగు మూలలూ ఏమీ లేకుండా మిగిలిపోతాయి. పికాసో, బ్రాక్ ఇదే ఇబ్బందిని ఎదుర్కొని, మూలలలో తలాలను పలచబరిచి వదిలేశారు, మరికొన్నిసార్లు ఏకంగా అండాకారపు కాన్వాసు వాడి మూలలనే తీసేశారు. నేర్చుకునేవారు మూలలకు వస్తువులను ఈడ్చుకెళ్ళకుండా బల్ల అంచును, గోడ మీది నీడను, పత్రిక మడతను పొడిగించి ఆ చోటును నింపవచ్చు.

రంగుల విషయంలో మొదటి చిత్రానికి నిగ్రహమే మేలు. పసుపు కావి, ముదురు గోధుమ, కాల్చిన ఎర్ర కావి, నలుపు, తెలుపు చాలు. వీటిని కలిపి తెలుపుకు దగ్గరగా ఉన్నది మొదలు నలుపుకు దగ్గరగా ఉన్నదాకా అయిదు ఛాయలను ముందే పలక మీద సిద్ధం చేసుకోవడం మంచిది. తైలవర్ణాలు నెమ్మదిగా ఆరతాయి కాబట్టి అంచులను ఒకదానిలో ఒకటి కరిగించడానికి అనుకూలం. ఆక్రిలిక్ రంగులు త్వరగా ఆరిపోతాయి గనుక వాటితో పనిచేసేవారు ఆరే వేగాన్ని తగ్గించే ద్రవాన్ని కలుపుకోవాలి, లేదా తడి కుంచెతో అంచులను వెంటనే సరిచేసుకోవాలి. వెలుగు అన్ని వస్తువుల మీదా ఒకే కిటికీ నుంచి పడుతున్నట్టు వేస్తే పాత పద్ధతి తిరిగి వచ్చేస్తుంది. క్యూబిస్టు చిత్రంలో ప్రతి తలానికీ తన వెలుగు తనదే. ఒక అంచు దగ్గర తేలికగా మొదలై రెండో అంచు వైపు ముదురుతుంది. ఒక తలపు ముదురు అంచు పక్కన ఇంకో తలపు తేలిక అంచు వచ్చేటట్టు అమర్చితే, గీత అవసరం లేకుండానే రెండూ విడివడి, ఒకటి ముందుకు ఒకటి వెనక్కు వాలినట్టు కనిపిస్తాయి. ఇలా కొన్ని అంచులను తేల్చి, కొన్నిటిని పసాజ్ పద్ధతిలో తెరిచి ఉంచాలి. ఏ తలమూ నాలుగు వైపులా మూసుకోకూడదన్నది ఒక్కటే కచ్చితమైన నియమంగా పెట్టుకోవచ్చు. కుంచెను పెద్దగా లాగకుండా, చిన్న చిన్న అడ్డగీతలుగా, గోడకు ఇటుకలు పేర్చినట్టు వేయడం పికాసో, బ్రాక్‌ల అలవాటు. ఆ పూత వల్ల వస్తువుకూ దాని చుట్టూ ఉన్న గాలికీ ఒకే రకమైన గరుకుదనం వస్తుంది.

చివరి దశలో గుర్తులు వస్తాయి. తలాల మధ్య వస్తువు ఎక్కువగా కనుమరుగైందనిపిస్తే దాని ముఖ్యమైన ఒక్క గుర్తును తిరిగి తేవాలి. వయొలిన్‌కు దాని ఒంటి మీది రెండు వంపు రంధ్రాలు, చెంబుకు మూతి, కళ్ళద్దాలకు ముక్కు మీది వంతెన చాలు. అక్షరాలు కూడా ఇదే పనికి వచ్చాయి. 1911లో బ్రాక్ అచ్చుపలకతో పెద్ద రోమన్ అక్షరాలను చిత్రంలో అద్దినప్పుడు, లోతు లేని ఆ అక్షరాలు గుడ్డ ఉపరితలం ఎక్కడుందో చెప్పి, వాటి వెనుక తలాలకు ఊపిరి పోశాయి. రోమన్ పెద్ద అక్షరాలు ఎక్కువగా సరళరేఖలు కావడం వల్ల అవి తలాల అంచులతో సర్దుకుపోయాయి. తెలుగు పత్రిక శీర్షికను వాడేవారికి వేరే అవకాశం ఉంది. తెలుగు అక్షరాల వంపులు చెంబు మూతితో, కళ్ళద్దాలతో ప్రాస కలుపుతాయి. పూర్తి శీర్షిక రాస్తే చదవడమే పనైపోతుంది గనుక రెండు మూడు అక్షరాల ముక్కతో ఆపడం మంచిది.

గట్టి పునాది ఏర్పడ్డాక రెండవ దశ అయిన సంశ్లేషణాత్మక క్యూబిజాన్ని ప్రయత్నించవచ్చు. ఇందులో వస్తువును విడదీయరు. కాగితపు ముక్కలు, చదును రంగులు, నమూనాల వంటి విడి భాగాల నుంచి దాన్ని నిర్మిస్తారు. 1912 వసంతంలో పికాసో కుర్చీ పేము అల్లిక అచ్చువేసిన నూనెగుడ్డను చిన్న అండాకారపు చిత్రంలో అతికించి, చుట్టూ నిజమైన తాడు బిగించాడు. అతికింపు చిత్రం, అంటే కొలాజ్, ఆధునిక చిత్రకళలోకి వచ్చింది ఆ చిత్రంతోనే. అదే ఏడాది సెప్టెంబరులో అవిన్యోన్ దుకాణంలో ఓక్ చెక్క నారను అనుకరించే గోడకాగితాన్ని చూసిన బ్రాక్, దాని ముక్కలను బొగ్గు గీతల మధ్య అతికించి 'పండ్ల పాత్ర, గ్లాసు' చేశాడు. ఆ కాగితం బ్రాక్‌కు పరాయిది కాదు. ఇళ్ళకు రంగులు వేసే కుటుంబంలో పుట్టి, ఆ వృత్తిలో శిక్షణ పొందిన ఆయనకు చెక్క నారను, చలువరాతిని రంగుతో అనుకరించడం చిన్నప్పటి నుంచీ తెలిసిన పనే. ఆ పనిముట్టు అయిన పళ్ళ దువ్వెనను తడి రంగు మీద లాగి నార తెప్పించడం పికాసోకు నేర్పిందీ ఆయనే. కళాశాలలో నేర్చుకున్న విద్య కన్నా చేతివృత్తి ఒక మహోద్యమానికి ఎక్కువ ఇచ్చిన ఈ సందర్భం ఎప్పటికీ గుర్తుంచుకోదగినది. కాగితం అతికింపు నేర్చుకునేవారికి మరో మేలు కూడా చేస్తుంది: కాగితపు ముక్కను అతికించేముందు ఎన్నిసార్లయినా జరపవచ్చు, తప్పు చోట పడితే తీసేయవచ్చు, కుంచెతో ఆ స్వేచ్ఛ ఉండదు.

క్యూబిజాన్ని పాఠంగా చెప్పిన సంప్రదాయం కూడా దాదాపు ఆ ఉద్యమమంత పాతదే. పికాసో, బ్రాక్ శిష్యులను చేర్చుకోలేదు; బోధన పని ఇతర క్యూబిస్టు చిత్రకారులకు దక్కింది. జాన్ మెట్జింజే, ఆల్బెర్ గ్లేజ్ 1912లో క్యూబిజంపై తొలి పుస్తకం రాశారు. మెట్జింజే పారిస్‌లోని లా పాలెత్ అనే విద్యాలయంలో బోధించినప్పుడు రష్యా నుంచి వచ్చిన ల్యుబోవ్ పొపోవా, నదేజ్దా ఉదల్త్సోవా అక్కడ నేర్చుకొని తమ దేశపు ఆధునిక చిత్రకళను మలుపు తిప్పారు. తర్వాత ఆంద్రే లోత్ నడిపిన విద్యాలయం ప్రపంచం నలుమూలల నుంచీ విద్యార్థులను రప్పించింది. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక భారతదేశం నుంచి వెళ్ళిన పరితోష్ సేన్, జహంగీర్ సబావాలా, రామ్ కుమార్ లోత్ వద్దే చదువుకున్నారు. సబావాలా చిత్రాలలో మేఘాలు, సముద్రాలు, బాటసారులు వెలుగు పలకలుగా చీలి కనిపించడానికి మూలం ఆ తరగతులలో నేర్చిన తలాల పాఠమే. దేశంలో అంతకు చాలా ముందే, 1920ల తొలి ఏళ్ళలో, కలకత్తాలో గగనేంద్రనాథ్ ఠాగూర్ క్యూబిస్టు తలాలను తన నీడల మేడలకు వాడుకున్నాడు. ఆయన చిత్రాలలో వస్తు విశ్లేషణ కన్నా నాటకీయమైన వెలుగునీడలు ఎక్కువ. నిశ్చల చిత్రం నేర్చుకునేవారు వాటిని ఆనందించవచ్చు గాని, వాటితో మొదలుపెట్టకపోవడమే మంచిది.

పూర్తయిన చిత్రాన్ని పరీక్షించుకోవడానికి ఒక మార్గం ఉంది. చిత్రంలోని ఏదైనా ఒక తలం మీద వేలుపెట్టి, ఇది ఏ వస్తువుకు చెందినది, ఏ వైపు నుంచి చూసినది అని ప్రశ్నించుకోవాలి. జవాబు దొరికితే ఆ తలం ఉండవచ్చు. జవాబు దొరకకపోయినా పక్క తలాలను కలపడానికో, మూల నింపడానికో అది అవసరమైతే దాన్ని కూడా ఉంచవచ్చు. ఈ రెండింటిలో ఏదీ కాకపోతే అది అలంకారంగా మాత్రమే మిగిలినట్టు, దాన్ని తుడిచేయాలి. ఈ పరీక్షలో మొదటి చిత్రం దాదాపు ఎవరిదీ నెగ్గదు; అందుకు నిరాశపడనక్కరలేదు, ఎందుకంటే సహజంగా గీయడం బాగా వచ్చిన పికాసో, బ్రాక్‌లకే ఈ భాష రూపుదిద్దుకోవడానికి కొన్నేళ్ళు పట్టింది. ఈ విద్యపై ఆసక్తి ఉన్న పాఠకులు రంగుల పెట్టె కొనడానికి ముందు బొగ్గుకడ్డీ, ట్రేసింగ్ కాగితం కొనుక్కోవాలి. మొదటి నెలంతా అవే మూడు వస్తువులను మార్చకుండా గీయాలి. నిండు రంగులను మూడో చిత్రం దాకా వాయిదా వేయాలి.